మినిట్స్ పుస్తకంలో నా డప్పు

మనం గెలిచామమ్మా సుజాతా, నా బంగారు తల్లీ. పంచాయతీ వాళ్లు నీకు ఇవ్వబోమన్న గ్రామసభ మినిట్స్ నకలు, నువ్వు పోయాక నేను వేసిన అప్పీలుతో చేతికొచ్చింది. వలలు ఆరబెట్టుకునే ఒడ్డును రొయ్యల చెరువులకు ఇచ్చేందుకు నలుగురు తలుపులేసుకుని చేసిన సభ అది. 'డప్పుతో చాటింపు వేయించాం' అని అందులో రాసుకున్నారు. ఊళ్లో డప్పు కొట్టేది నేనొక్కడినే కదా.

"నేను కొట్టకుండా ఎవరు కొట్టినారు సార్?" అని కార్యదర్శిని అడిగాను.

"ఏదో రాసినాంలే పెద్దాయనా" అన్నాడు.

ఆ మాటే పై అధికారికి చెప్పాను. తీర్మానం రద్దు చేశారు. కొత్త సభకు ఈ ఉదయం నేనే వీధివీధినా చాటింపు వేశాను, నీ పేరు చెప్పి మరీ.

అక్కడ మీ అమ్మకు చెప్పు, నాయనమ్మకు చెప్పు. పెదనాన్నకు చెవుడు, గట్టిగా చెప్పు. ఇక్కడ మీ అత్తలకు నేను చెబుతాను.