కోడి మెడ ఈకలు కావాలి మావయ్యా

సలాలా,
నవంబరు 8

దేవదాసు మావయ్య పాదాలకి మేనల్లుడు ఏసుదానం వందనాలు చేసి రాయునది.

నేనిక్కడ క్షేమం. మీరూ అత్తయ్యా పడవా క్షేమమని తలుస్తాను. ఫోను చేద్దామనే అనుకున్నాను. కానీ మీకు చెవి తగ్గినప్పటి నుంచి స్పీకరు పెట్టి మాట్లాడుతున్నారు, మీరు స్పీకరు పెడితే ఓడలరేవులో సగం మందికి వినబడుతుంది. ఇది వీధికి వినిపించే సంగతి కాదు. అందుకే సెలవు మీద వస్తున్న ఇక్కడి ఆసుపత్రి నర్సు సెలిన్ సిస్టర్ చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

మొదటి సంగతి, ఆసుపత్రి స్టోర్స్‌లో పని మానేశాను. ఇప్పుడు గాలాలు, రాడ్లు, రీళ్ళు అమ్మే దుకాణంలో చేస్తున్నాను. మా అర్బాబ్, అంటే యజమాని, ఒమానీ ఆయన. మంచి మనిషి. సాయంత్రమైతే దుకాణం ముందు కుర్చీలు వేస్తాం. ఒమానీ కుర్రాళ్ళు, టైపింగ్ సెంటరు మలయాళీ ఆయన, ఇద్దరు ముగ్గురు దొరలు, ఆసుపత్రి వాళ్ళు, అందరూ కరక్ చాయ్ తాగుతూ పోయిన శుక్రవారం తప్పించుకున్న చేప ఎంతుందో చేతులు చాచి చూపిస్తుంటారు. ఆదివారానికి మూరెడున్న చేప బుధవారానికి బారెడవుతుంది.

రెండో సంగతి రాయడానికి రెండు కాగితాలు చింపాను. మీ ఫేబా ఇక్కడి ఆసుపత్రిలోనే నర్సు కాబట్టి వారానికోసారైనా కనబడుతూనే ఉంటుంది. మేనరికం ఉంది కదా అని హక్కుగా అడగడం లేదు మావయ్యా. ఆమె అంటే నాకు ఇష్టం. నాకిచ్చి చేస్తారా?

మూడోది చిన్న సంగతి. మీ పెరట్లో ఉన్న డేగ పుంజు మెడ ఈకలు ఒక గుప్పెడు, మేక తోక వెంట్రుకలు కాసిని సెలిన్ సిస్టర్ తిరిగొచ్చేటప్పుడు పంపగలరు. దుకాణంలో పనికి కావాలి. ఇక్కడ దొరికేవన్నీ నలభై రోజుల కోళ్ళు, వాటి ఈకకి ఇంకా ఊహ తెలియదు.

ఫోటో ఒకటి పెట్టాను. నేనూ, చేపా. ఎడమవైపున్నది నేను.

మీ మాట కోసం కాచుకుని ఉన్న
ఏసుదానం

తా.క.: ఈకల కోసం పుంజుని కోయకండి. దాని ఉసురు నా పెళ్ళికి తగులుతుంది.


ఓడలరేవు,
నవంబరు 30

చిరంజీవి ఏసుదానాన్ని దీవించి దేవదాసు మావయ్య రాయునది.

మీ అత్తయ్య మోకాళ్ళు తప్ప అందరం క్షేమం. ఫోటో చూశాం. చేప మన చందువా పారకి అన్నలా ఉంది, ఎనిమిది కేజీలకి తగ్గదు. ఇంతకీ పులుసు పెట్టారా, వేయించారా? ఆ ముక్క రాయలేదు. "తలకాయ ఎవరికిచ్చాడో అడగండి" అని మీ అత్తయ్య నిన్నట్నించీ నా ప్రాణం తీస్తోంది.

ఫేబా సంగతి. నువ్వు నా చెల్లెలి కొడుకువి, కాదనడానికి నోరు రాదు. కానీ కాకినాడ ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ సంబంధం ఒకటి వచ్చి కూర్చుంది. ఐసు ఫ్యాక్టరీ అంటే ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. నేను సంఘ పెద్దని. మీ అల్లుడేం చేస్తాడని చర్చి మెట్ల మీద ఎవరైనా అడిగితే, మెట్టు దిగేలోపల చెప్పగలగాలి. గాలాలమ్మేవాడికి కోడి ఈకలెందుకు? మేక తోకెందుకు? వివరంగా రాయి. అది తేలాక ఈకలూ పంపుతాను, మాటా పంపుతాను.

ఇట్లు
దేవదాసు

తా.క.: నేను పుంజుని పందేలకి పెంచుతున్నానని సెలిన్‌తో ఎవడో అన్నాడట. సంఘ పెద్దకి పందేలేమిటి? అందానికి పెంచుతున్నాను. మూడుసార్లు గెలిచింది.


సలాలా,
డిసెంబరు 14

మావయ్యకి ఏసుదానం నమస్కరించి రాయునది.

క్రిస్మస్‌కి ఇంటికెళ్తున్న మా గదిలోని కాలేబ్ ఈ ఉత్తరం తెస్తున్నాడు. అడిగినవన్నీ దాచకుండా రాస్తున్నాను.

చేపని తినలేదు మావయ్యా. తిరిగి సముద్రంలో వదిలేశాం. మా దుకాణం వాళ్ళ పద్ధతి అది. చేప చిక్కగానే కొలుస్తారు, ఫోటో తీస్తారు, కొందరు ముద్దు కూడా పెట్టుకుంటారు. తర్వాత దాని తల కెరటానికి ఎదురుగా పెట్టి, ఊపిరి అందేదాకా రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా ఏదో చెప్పి వదిలేస్తారు. మొన్న నిజామాబాద్ సురేందర్ అని సైట్‌లో పనిచేసే ఆయన కొత్తగా వచ్చి ఇది చూసి తల పట్టుకున్నాడు. "పట్టినంక ఇడిశిపెడ్తరా? పులుసు వెట్టకుంటే చాపకు ఇజ్జత్ ఏముంటదన్నా?" అన్నాడు. అత్తయ్య కూడా అదే అంటుందని నాకు తెలుసు.

ఇక నా పని. చిన్న గాలానికి కోడి ఈకా మేక వెంట్రుకా ఎర్రదారంతో చుట్టి, ముడి వేసి, పీతలాగా చేస్తాను. నీళ్ళలో చేప దాన్ని నిజం పీత అనుకుంటుంది. దీన్ని ఫ్లై అంటారు. ఇక్కడ నా చేతికి పేరొచ్చింది. "ఏసుదానం ముడి వేశాడంటే ఎంత దూరంలో ఉన్నదైనా రావలసిందే" అని అర్బాబ్ అందరికీ చెబుతుంటాడు.

పీత కాళ్ళకి సన్న వెంట్రుకలు దొరక్క ఫేబా దువ్వెనలోవి నాలుగు అడిగి తెచ్చి చుట్టి చూశాను. మరీ మెత్తన, నీళ్ళలో నిలవలేదు. ముడి ఊడకుండా పైన పూయడానికి ఆమె గోళ్ళరంగు సీసా కూడా ప్రస్తుతం నా దగ్గరే ఉంది. ఇంతకంటే దాచేదేమీ లేదు. ఇప్పుడైనా మీ మాట చెప్పండి.

మీ
ఏసుదానం

తా.క.: మేక నల్లదైతే మరీ మంచిది.


ఓడలరేవు,
జనవరి 6

ఏసుదానానికి దేవదాసు రాయునది. ముందు చిరంజీవి అని రాయడానికి చెయ్యి రాలేదు.

యాభై ఏళ్ళుగా వేటకి వెళ్తున్నాను. పచ్చి రొయ్య వేస్తేనే ముక్కు తిప్పుకునే చేప, కోడి ఈకకి వస్తుందా? ఎవరికిరా చెబుతావు? పైగా వచ్చిన చేపని ముద్దెట్టుకుని, చెవిలో ఏదో చెప్పి, సముద్రానికి అప్పగిస్తారా? చేపకి చెవి ఎక్కడుందిరా?

నీ ఉత్తరం పాస్టరుగారికి చదివి వినిపించాను. ఎర్రదారం దగ్గర కళ్ళజోడు తీశారు. ఫేబా దువ్వెన దగ్గర లేచి నిలబడ్డారు. నల్లమేక దగ్గరికొచ్చేసరికి కిటికీ తలుపులు వేసేశారు. కోడి ఈక, ఎర్రదారం, ముడి, ఆడపిల్ల తల వెంట్రుకలు! మా చిన్నప్పుడు ఇవి ఎవరి గుమ్మంలో కనబడినా ఇంటిల్లిపాదీ అన్నం మానేసేవాళ్ళు. చేతబడి అంటారు దీన్ని, ఫ్లై అనరు. ఎంత దూరాన ఉన్నదైనా రావలసిందేనా? అక్కడ ఉన్నది నా కూతురు కదూ! పైకి నన్ను పద్ధతిగా అడుగుతూ, లోపల నా పిల్లకి మందు పెడుతున్నావా?

మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టించాను. ప్రార్థన చేసిన నూనె కాలేబ్ చేత పంపుతున్నాను, ఆ దుకాణం గుమ్మానికి రాయి. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళకి ఫిబ్రవరి రెండో ఆదివారం మాట ఇచ్చేస్తున్నాను. ఇలాంటి సంగతి స్పీకర్లో ఎలా అడుగుతాను? అందుకని ఫేబాతో ఏమీ అనలేదు.

దేవదాసు

తా.క.: పుంజు మీద కూడా ప్రార్థన చేయించాం. పాస్టరుగారిని పొడిచింది.


సలాలా,
జనవరి 20

ఎంత కోపమొచ్చినా నాకు మావయ్యే అయిన మీకు ఏసుదానం వందనాలు.

నాకు మంత్రాలు రావు మావయ్యా. వస్తే ముందు ఐసు ఫ్యాక్టరీని కరిగించి ఉందును. నూనె గుమ్మానికి రాశాను. అర్బాబ్ వద్దనలేదు. మిగిలింది రీళ్ళకి వేశాడు, ఇప్పుడు బాగా తిరుగుతున్నాయట.

మణికుమారి సిస్టర్ చేత నేను కట్టిన పీత ఒకటి పంపుతున్నాను. ఏటిమొగ దగ్గర నీళ్ళలో వేసి మీరే చూడండి. నమ్మకం కలగకపోతే పొయ్యిలో వేయండి.

ఒక సంగతి రాస్తే మీ అనుమానమంతా ఒక్క నిమిషంలో తీరిపోతుంది. కానీ మీకు చెప్పనని ఫేబాకి మాట ఇచ్చాను. ఆమెకిచ్చిన మాట తప్పి ఆమెని చేసుకుంటే ఆ కాపురం ఏం బాగుంటుంది? అందుకని రాయడం లేదు. ఆమె వేరే ఇంటికి వెళ్ళిపోతుందంటే నాకు అన్నం సయించడం లేదు, అది మాత్రం రాస్తున్నాను. రెండో ఆదివారం వాళ్ళకి మాట ఇచ్చేయకుండా ఆగండి మావయ్యా.

ఏసుదానం

తా.క.: పీత లోపల గాలం ఉంది. పాస్టరుగారిని చేత్తో తీసుకోవద్దనండి.


ఓడలరేవు,
ఫిబ్రవరి 5

చిరంజీవి ఏసుదానానికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నీ తా.క. చదివేలోపలే పాస్టరుగారు చేత్తో తీసుకున్నారు. లాల్చీకి పట్టింది. మణికుమారి పక్కనే ఉంది కాబట్టి కత్తెరతో బయటపడ్డాం.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఏటిమొగకి వెళ్ళి నీ పీతని దారానికి కట్టి వేశాను. మూడుసార్లు ఏమీ లేదు. నాలుగోసారి పండుగప్ప పట్టింది. నాకు నమ్మకం కుదిరిందనుకుంటున్నావేమో. ఇంకా భయమేసింది. ఈకకి పండుగప్పే వచ్చినప్పుడు నా కూతురు రాదా అనుకున్నాను. ఇక వీధి వింటే విననీ అని ఇంటికొచ్చి ఫేబాకి ఫోను చేశాను.

"అమ్మా, నీ తల ఎంట్రుకలు ఆడి దగ్గిర ఎందుకున్నాయే?" అన్నాను.

"నేనే ఇచ్చాను డాడీ. ఆ పీతలన్నీ బావ నాకోసవే కడతాడు" అంది.

ఆ ఫోటోలో చేపని పట్టింది నా కూతురేనటరా! నువ్వు మోకాలి లోతు దాటి నీళ్ళలోకి రావట. ఫోటో కోసం చేపని అదే నీ చేతిలో పెట్టిందట. పోయిన నెల మీ దుకాణం వాళ్ళు పెట్టిన పోటీలో దొరల్నీ ఒమానీ కుర్రాళ్ళనీ దాటి, అందరికంటే పొడుగు చేప దీనిదేనట. నేను నోరు తెరవకముందే "ఎన్ని కేజీలే పిల్లా?" అని ఎదురింటి శాంతమ్మ గుమ్మంలోంచి అరిచింది.

"పట్టినదాన్ని వదిలెయ్యడం ఏం కర్మే?" అన్నాను.

"పద్ధతి ఒకటీ. రెండోది, మా హాస్టల్లో చేప వండనివ్వరు డాడీ" అంది. మీ అత్తయ్యకి అప్పటికి గానీ మనసు కుదుటపడలేదు.

మనింట్లో ఆడవాళ్ళు గాలం ముట్టరు కదా, నాకెందుకు చెప్పలేదే అని గట్టిగానే అడిగాను. "అందుకే చెప్పలేదు. తొమ్మిదేళ్ళప్పుడు నేనూ వస్తానని పడవెక్కి కూర్చుంటే జబ్బ పట్టుకుని దించేశారు. ఆ రోజంతా ఇసకలో కూచున్నాను" అంది. నాకు గుర్తులేదురా. ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. నా పిల్లకి జన్మంతా గుర్తున్న రోజు నాకు మామూలు రోజైపోయింది. తల ఎత్తి చూస్తే శాంతమ్మ తన తలుపు దగ్గరగా వేసుకుంటోంది.

ఐసు ఫ్యాక్టరీ వాళ్ళకి వద్దని కబురు పంపాను. నువ్వు చేతబడి చేస్తావని నేనంటే, ఒక్క మాటతో తప్పించుకోగలిగి కూడా దాని మాట దాచావు. చర్చి మెట్ల మీద ఎవరైనా అడిగితే నా అల్లుడు నా కూతురికి ఫ్లైలు కడతాడని చెబుతాను. అర్థం కాకపోతే వాళ్ళ ఖర్మ. నాకు పూర్తిగా సమ్మతం. ఈకలు రెండు గుప్పెళ్ళు పంపుతున్నాను.

మీ
దేవదాసు మావయ్య

తా.క.: సమ్మతమని ఫేబాతో కూడా అన్నాను. "దేనికి డాడీ?" అంది. పెళ్ళికే అన్నాను. "ఎవరి పెళ్ళి? బావ నన్నింతవరకూ ఒక్క ముక్క అడగలేదు" అంది. ఒరేయ్, మూడు నెలల నుంచి నువ్వు నన్నడిగావు, నేను పాస్టరుగారినడిగాను, పాస్టరుగారు ప్రభువునడిగారు. పిల్లనెవరడిగార్రా? శుక్రవారం దానికి డ్యూటీ లేదట. వెళ్ళి అడుగు.