గేటు దాకా ర్యాంపు

అల్మాస్‌గూడ,
23 జూన్ 2024, ఆదివారం.

తమ్ముడు దశరథకు,

అక్క యాదలక్ష్మి దీవెనలు. నువ్వు, మరదలు, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. దేవరకొండలో మంచి వాన పడిందట, సంతోషం. ఫోన్ ఉండగా కాగితం పట్టుకుందేమిటి అనుకుంటావు. మాది రెండు గదుల ఇల్లు. నేనేం మాట్లాడినా మంచంలో ఉన్న మీ బావకు వినపడుతుంది. నాకు జరిగిన అవమానాలు ఆయన చెవిన పడటం నాకిష్టం లేదు.

లారీ బోల్తాపడి ఆయనకు నడుము కింద చలనం పోయి ఏడాది దాటింది. దవాఖానకు పోవాలంటే మెట్ల మీదుగా నలుగురు మోయాలి. గడ్డిఅన్నారం మండీలో బత్తాయి లోడు ఎత్తుకుని నాగ్‌పూర్ దాకా పోయివచ్చిన మనిషి, ఇప్పుడు తన గేటు దాకా రావడానికి ఎవరినో పిలవాలి. అందుకే చక్రాల కుర్చీ దిగేలా గడప నుంచి గేటు దాకా సిమెంటు ర్యాంపు పోయిద్దామనుకున్నాను. కానీ ఇంటి ముందు ఖాళీగా వదలాల్సిన జాగాలోకి అది వస్తుంది. నువ్వు అప్పుడే, "అడుగుడెందుకక్కా, పోసెయ్యి, ఎవడొస్తడు" అన్నావు. నేను వినలేదు. పద్ధతిగా పోదామని సడలింపు కోసం మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాను.

ఆ పద్ధతి ఎంత కంపుకొడుతుందో నాకప్పుడు తెలియదు. అక్కడ శ్రీరామమూర్తి అని ప్లాన్లు చూసే అధికారి. ఇంటి నక్షా తెమ్మంటే తెచ్చాను. డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చేసరికి, అది పాతదైపోయింది, కొత్తది కావాలన్నాడు. "కొత్త సర్టిఫికెట్ తెస్తె ఆయనకు కొత్త నడుమొస్తదా సార్?" అని అడిగాను. పక్క టేబుళ్ల వాళ్లు పకపకా నవ్వారు.

చివరికి ఒకరోజు కొలతలకు వచ్చాడు. మా గల్లీ నీకు తెలుసు కదా. ఎదురింటి మెట్లు రోడ్డు మీదికే దిగుతాయి. పక్కింటి పై అంతస్తు కరెంటు తీగల దాకా పొడుచుకొచ్చింది. మూల మీది కిరాణా దుకాణం మురుగు పారే మోరీ మీదే ఉంది. అన్నీ వేలు పెట్టి చూపించాను. ఆయన నింపాదిగా, "వాళ్లెవరూ అప్లై చేయలేదమ్మా. ఫైలే లేనప్పుడు నేనేం చూస్తాను? మీరు చేశారు కాబట్టి మీది చూస్తున్నాను" అన్నాడు. అంటే అడిగినవాళ్లే దొంగలన్నమాట! పైగా నేనిచ్చిన చాయ్ తాగి, చక్కెర తక్కువైందన్నాడు.

మొన్న శుక్రవారం ఆఫీసుకు పిలిచి, అర్జీ కొట్టేశామన్నారు. కారణం, కాలనీ సంఘం అధ్యక్షుడు ఉపేంద్ర అభ్యంతరం చెప్పాడట. ర్యాంపు వస్తే కాలనీ అందం చెడిపోతుందట! తన ఇంటి జనరేటర్‌ను రోడ్డు మీద పెట్టుకున్న ఉపేంద్రకు అందం గుర్తొచ్చింది. బావ దవాఖానలో ఉన్నప్పుడు నాతోపాటు వరండాలో కూర్చున్న మనిషి, నన్ను చెల్లె అని పిలిచే మనిషి ఇంత పని చేశాడు. నిన్న కూరగాయల బండి దగ్గర ఎదురుపడి, "బాగున్నవా చెల్లె" అన్నాడు. ఆయన కాళ్ల ముందే ఉమ్మేసి వచ్చాను.

ఈ ఆఫీసన్నా, ఈ కాలనీ అన్నా రోత పుట్టింది. ఇల్లు అమ్మేస్తాను. మీ వైపు మెట్లు లేని చిన్న ఇల్లేదైనా ఉంటే చూడు. మరదలిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అక్క
యాదలక్ష్మి

తా.క. సోమవారం పొద్దున.

కవరు అంటిస్తుంటే ఉపేంద్ర భార్య కౌసల్యమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు దగ్గరే నిలబడి, మెల్లగా, "నువ్వు ఉమ్మిన కాడికెళ్లి మా ఆయన బువ్వ తింటలేడు లక్ష్మీ. అడ్డం చెప్పమని బతిమిలాడింది మీ ఆయననే. ఫోన్ చేసి, ఎట్లన్న ఆపుండ్రి, యాదలక్ష్మికి తెల్వనియ్యకుండ్రి అని ఏడ్సిండంట" అంది.

లోపలికి వచ్చి బావను అడిగాను. "నేను లారీ మీద పోతుంటె గీ గల్లీ పోరగాండ్లంత చేతులూపుతుండె. ఇప్పుడు కుర్చీల కూసోబెట్టి నువ్వు తోసుకపోతుంటె, అయ్యో పాపం అంటరు. గా మాట నేను ఇనలేనే. నన్ను ఈడనే ఉండనియ్యి" అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఏమొచ్చిందో కూడా తెలియదు. పొయ్యి మీద పాలు పొంగిపోయే దాకా మంచం పక్కనే నిలబడ్డాను. సాయంత్రం ఉపేంద్ర ఇంటికి పోవాలి. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియడం లేదు.

ఇల్లు చూడొద్దు. ఆదివారం నువ్వు రా. ర్యాంపు మాట ఎత్తకు, ఎలా ఉన్నావని అడగకు. మునుపటిలా పేకాటకు కూర్చో, ఆయన ముక్కలు దాస్తే గట్టిగా పోట్లాడు. ఈ గల్లీలో నాతో సహా అందరం ఆయనను చూసి జాలిపడుతున్నాం. జాలిపడని మనిషి ఒక్కరైనా ఆయనకు కావాలి.