గాలి పరదా

నారాయణఖేడ్,
8-2-1988

బావా,

నిన్న కల్లంలో అమ్మ కందులు తూర్పారబడుతుంటే నేను దగ్గుతూ పక్కన కూర్చున్నాను. పొట్టు నా మీద పడుతోందని ఆమె నన్ను లేపి, గాలి వచ్చే పక్కకు కూర్చోబెట్టింది. "గాలి ఎటు కొడ్తుందో సూసుకోవా బిడ్డా? బొగ్గుబాయిల గిది సెప్పేటోళ్లు లేరా?" అని అడిగింది.

ఉన్నారు. బాయిలో గాలి చూసే ఉద్యోగం నీదే. నేను బొగ్గు కోసే చోటికి గాలిని మళ్లించే గుడ్డ పరదా దించి ఉన్నన్నాళ్లు గాలి నా వీపు వెనక నుంచి వచ్చి, కోత మిషన్ లేపిన దుమ్మును అవతలికి తీసుకుపోయేది. బొగ్గు మోసే టబ్బులకు అడ్డమని నువ్వు దాన్ని చుట్టి పైకి కట్టావు. ఇక గాలి నా దాకా రాక, దుమ్మంతా నా ముఖం మీదే తిరిగింది. దించమంటే, "గింత దుమ్ముకు సస్తవా?" అని నవ్వావు. ఆరేళ్లు మింగాను. పాపం, బావకు తెలియదని అమ్మకు చెప్పాను.

ఈ రోజు కంగ్టి మాణిక్యప్ప బాయి నుంచి సెలవు మీద వచ్చాడు. నా మిషన్ మీద ఇప్పుడు నీ కొడుకు హనోకు పనిచేస్తున్నాడట. వాడు దిగిన మొదటి రోజే నువ్వు పరదా దించావట.

దించే ఉంచు. వాడికి దుమ్ము తగలకూడదు. కానీ ఆ ఆరేళ్లూ నీకు తెలుసు.

ఇట్లు,
హనోకు మేనమామ