వైనోనాకు విటమిన్ సి, నాకు తీపి బంద్

అక్టోబర్ 3, ఉదయం 7
శపథం! మా ఆవిడ వైనోనా కీమో పూర్తయ్యేదాకా తీపి ముట్టను. కీమోతోపాటు వారానికి రెండుసార్లు విటమిన్ సి సెలైన్ కూడా ఎక్కించుకుంటోంది. "కీమోకి బదులుగా మాత్రం కాదు సుమా" అని క్యాన్సర్ డాక్టరు ఒప్పుకున్నాడు. నాకేమో షుగరు. "నువ్వూ పడిపోతే నన్నెవరు చూస్తారయ్యా డెల్మర్?" అంది. అంతే, మానేశా!

అక్టోబర్ 4
షుగరు 118. భేష్ డెల్మర్! వైనోనా నాలుగు చెంచాల సూపు తాగి గిన్నె తోసేసింది. మూడు వారాలుగా ఇదే వరస. నా దిగులంతా అదే.

అక్టోబర్ 6
చర్చి ఆడవాళ్లు వంతులేసుకుని మా ఇంటికి వంటలు తేవడం మొదలు. ఓపల్ పీచ్ పండ్ల కేకు తెచ్చింది. గిన్నెకు తన పేరు అంటించి మరీ! ఖాళీ చేసి ఇవ్వకపోతే ఊళ్లో తలెత్తుకోలేం. వైనోనా తినదు. గరాజ్‌లో నిలబడి నేనే కానిచ్చా. నిలబడి తింటే లెక్కలోకి రాదు.

అక్టోబర్ 8
క్యారెట్ కేకు. క్యారెట్ కూరగాయే కదా! షుగరు చూసే మీటరుకు సెలవిచ్చా.

అక్టోబర్ 10, మధ్యాహ్నం 2
విటమిన్ సి ఎక్కించుకొచ్చిన వైనోనా నా మీటరు తీసి "నా షుగరూ చూడు, సరదాగా" అంటూ వేలు చాపింది. 430!
"ఏం తిన్నావే?"
"మంచినీళ్లు!"
పికప్ ట్రక్కులో ఆసుపత్రికి పరుగు. దారిలో ఏడుపు ఆగలేదు. "పాపం నాదే! రెండు కేకులూ నేనే మింగాను!"
"నువ్వు మింగితే నాకెలా పెరుగుతుందయ్యా!" పగలబడి నవ్వింది.

సాయంత్రం 4
ల్యాబులో తీసిన రక్తంలో 96! నర్సు చెప్పింది: "అంత విటమిన్ సి ఎక్కాక వేలి మీటరు దాన్నే చక్కెర అనుకుంటుందండీ. ఇవాళ దాని మాట నమ్మకండి." తర్వాత నాదీ చూసింది. 260. "మీది మాత్రం నిజమే."

అక్టోబర్ 11
మళ్లీ శపథం! మధ్యాహ్నం చర్చి వంతుగా వెల్డా మాంసం, చిక్కుడు గింజల చిలీ కూర, పక్కన దాల్చినచెక్క తీపి బన్నులు తెచ్చింది. మా కాన్సాస్‌లో ఆ రెండూ విడిగా ఉండవు. బన్నులు వెనక్కిచ్చేయబోయా.
"ఆగవయ్యా!" లోపల్నుంచి వైనోనా. "ఆకలేస్తోంది."
ఆకలి! పరుగున గిన్నె అందించా. కూరలో బన్ను ముంచుకుని మొత్తం తినేసింది. రెండోది తుంచి సగం నా ముందు పెట్టింది. "ఒక్కదాన్నే తినాలంటే సయించదు."

అక్టోబర్ 12, ఉదయం 7
శపథం! మా ఆవిడ నాతో కలిసి తింటానంటే తప్ప తీపి ముట్టను.