అద్దం అవతలి మాట

నా టీచరమ్మకు,

ముందుగా ఒక మనవి. ఈ ఉత్తరంలోని తెలుగు నీ స్థాయికి తగినట్లు ఉండదు. పగలంతా అచ్చు యంత్రం దగ్గర నిలబడి, ఆ కాళ్ళతోనే రాత్రిబడికి వెళ్ళి, కునికిపాట్లు పడుతూ నేర్చుకున్న భాష ఇది. నా వ్యాసాలు దిద్దినదానివి నువ్వే కనుక నా లోపాలు నాకంటే నీకే బాగా తెలుసు. అయినా నేను పట్టభద్రుడిని, పట్టా ఇప్పటికీ గోడకు వేలాడుతూనే ఉంది, కాబట్టి క్షమాపణ ఒక్కసారే కోరతాను. పోయిన ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపుతూ, ఒక వాక్యం పక్కన "ఇంత పొడుగు అవసరమా?" అని రాశావు. అవసరమే. వాక్యం పొడుగ్గా ఉంటే అసలు విషయం చేరేలోపు మనిషికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఈసారి ఆ వ్యవధి నాకు చాలా కావాలి.

ఇక్కడ అందరమూ క్షేమం. అందరమూ అంటే నేనూ, నువ్వు కిటికీలో వదిలి వెళ్ళిన తీగ మొక్కా. మొక్క కొత్త ఆకులు వేసింది. నేను కొత్తగా సాధించినది ఏమీ లేదు. అక్కడ నువ్వూ, అబ్బాయీ, నీ హాస్టల్ పిల్లలూ కుశలమని తలుస్తాను.

నీ ప్రశ్నలకు వస్తాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోవడం లేదు. పొంగిపోయిన మాట నిజమే గానీ అది మతిమరుపు వల్ల కాదు. ఆ సంగతి తరువాత. వంటగది కిటికీ తెర దించి ఇంకా డాన్సు చేస్తున్నానా అని అడిగావు. కట్టుకున్నవాడిని ఆటపట్టించే హక్కు నీకుంది, కాదనను. కానీ ఆ మాట కాగితం మీద పెట్టడం తగదు, ఎవరి కంటనైనా పడితే నా పరువేం కావాలి? చేస్తున్నాను.

నాలుగవ ప్రశ్న మన అబ్బాయిని గురించి. "వాడు కాలేజీ మానేసి ఫొటో స్టూడియోలో చేరతానంటే మీరు ఫోన్‌లో 'మంచిది, సంతోషం' అన్నారట. నిజంగా మీరేనా అన్నది? వాడు రెండు రోజులుగా అన్నం కెలుకుతున్నాడు గానీ తినడం లేదు. తిడతారనుకుంటే సంతోషం అన్నారేమిటని భయపడుతున్నాడు" అని రాశావు. దీనికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది, కాస్త కిందికి ఉంది. దయచేసి కాగితాలు తిప్పి ముందే చూడవద్దు.

ఇక నీ చివరి ప్రశ్న. పోయిన శనివారం మన ఊరి రేడియోలో నా 'కాలు కదపండి' కార్యక్రమం మధ్యలో ఎందుకు మూగబోయిందని. నువ్వు మమ్మల్ని వినే సెల్‌ఫోన్ చెడిపోలేదు. మా దగ్గరే ఆగింది. ఒక పాట ముగిసింది, తరువాత సగం పాట పట్టేంత సేపు ఊరంతటికీ నిశ్శబ్దం ప్రసారమైంది. దాని మూలంగా మా ఆపరేటర్ అమ్మాయిని విచారణ అయ్యేవరకు రావద్దన్నారు. ఎల్లుండి గురువారం రేడియో నడిపే సంఘం సమావేశం. ఈ నెలలో ఆమెను శాశ్వతంగా తీసుకోవలసి ఉండగా ఇప్పుడు పూర్తిగా తీసేసే మాట నడుస్తోంది. నాలుగు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. అబ్బాయి ఒక్కడే అన్నం కెలుకుతున్నాడనుకోకు.

ఆ అమ్మాయిని నువ్వు ఒకసారి చూశావు, గుర్తుందా? కుదురుగా కుర్చీలో కూర్చోదని అందరూ 'బొంగరం' అంటారు. నువ్వు హాస్టల్ ఉద్యోగానికి ఆ ఊరు వెళ్ళేనాడు బస్సు దాకా వచ్చి, "అక్కా, మాస్టారిని నాకు వదిలేసి వెళ్ళండి, శనివారాలు నేను చూసుకుంటా. మిగతా రోజులు మీ అదృష్టం" అంది. నువ్వు పడీపడీ నవ్వావు. నేను నవ్వలేదు, పెద్దరికం అడ్డొచ్చింది.

సైకిల్ షాపు పైన మా రేడియో గదులు రెండూ అలాగే ఉన్నాయి. నా గది తలుపుకు లోపలివైపు పాత కంబళి మేకులతో కొట్టి ఉంటుంది. మధ్యలో గాజు అద్దం. అద్దం అవతల బొంగరం, మీటల బల్ల. మైకు తెరిచినప్పుడు నా బల్ల మీద వెలగవలసిన ఎర్ర బల్బు ఏనాడో మాడిపోయింది. ఎవరూ మార్చలేదు, ఎందుకంటే ఆ అవసరం పడలేదు. పాట చివరికి రాగానే ఆమె మీట నొక్కి తన మైకులో "మాట్లాడండి మాస్టారూ" అంటుంది, అది నా చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లో వస్తుంది, నేను మాట్లాడతాను. మా పద్ధతి అది.

నేను మాట్లాడే తీరు నీకు తెలుసు. "ప్రియ శ్రోతలారా, ఇప్పుడు రాబోవు గీతం మీ పాదములకు తగిన పని కల్పించును. కుర్చీలు పక్కకు జరుపుకొనవలసినదిగా ప్రార్థన." భాషా ప్రసంగాలు చేస్తానని దరఖాస్తు పెట్టుకున్న నాకు డాన్సు పాటల గంట అప్పగించారు. నేను దానిని కూడా ప్రసంగంలాగే నడిపాను. జనానికి అదే నచ్చింది. మన వీధి మంగలి అయితే, "మాస్టారూ, మీరు మాట్లాడుతుంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంటది. వెంటనే ఆ డప్పు మొదలైతదా, నా చేతిలో కత్తెర ఆగదు. నిన్న ఒకాయన మీసం సగం పోయింది. ఆ పాపం మీదే!" అన్నాడు. కుట్టు మిషన్ల దుకాణంలో ఆడవాళ్ళు నా పాటల వేగానికి తొక్కుతారట. ఆ ఒక్క గంట కోసం వారమంతా ఎదురుచూస్తారట. టీచరమ్మా, యాభై ఏళ్ళు దగ్గర పడుతున్న నా బతుకులో నా కోసం ఎవరైనా ఎదురుచూడటం నీ తరువాత ఇదే.

శనివారం నాడు బొంగరానికి గట్టి జలుబు. తుమ్ములు మీటల మీద పడకూడదని ముక్కునూ నోటినీ కప్పుతూ గుడ్డ కట్టుకుని కూర్చుంది. మూడవ పాట ముగిసింది. నేను అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాను. ఆమె రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఆగమంటోందనుకుని ఆగాను. ఇంకా గట్టిగా ఊపింది. ఇంకా శ్రద్ధగా ఆగాను. చివరకు ఆమె తలుపు తోసుకుని వచ్చి నా భుజం పట్టి కుదిపింది.

గంట ముగిసేసరికి సంఘం అధ్యక్షురాలు వచ్చేసింది. మందుల షాపు ఆవిడ, ఆ తెల్ల కోటుతోనే మెట్లెక్కింది.

"ఏమయింది? షాపులో అందరూ నా ముఖమే చూశారు. రేడియోకి మందు లేదా మేడమ్ అని ఒకడు వెటకారం!"

"నేను చెప్తూనే ఉన్నాను మేడమ్" అంది బొంగరం. "మాట్లాడండి మాట్లాడండి అని గొంతు చించుకున్నా."

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి మాస్టారూ. మీరు అబద్ధమాడరు."

నేను నిటారుగా నిలబడి, "నాకు సంకేతం అందలేదండి" అన్నాను.

వాక్యంలో ఒక్క దోషం లేదు. నువ్వు కూడా ఎర్ర గీత గీయలేవు. కానీ ఆ వాక్యం విన్నాక అధ్యక్షురాలు, జలుబు మందు మత్తులో అమ్మాయి మీట నొక్కడం మరిచిందని తేల్చేసింది. బొంగరం కళ్ళు పెద్దవి చేసి నన్నే చూసింది. నేను నా చెప్పులు వెతుక్కున్నాను.

ఇంతవరకు చదివినదానివి, నువ్వు ఇప్పటికే గ్రహించి ఉంటావు. వ్యాసంలో ముగింపు ముందే పసిగట్టేదానివి. అయినా నా చేత్తో నేను రాయాలి.

నాకు చెవులు పోతున్నాయి. ఒక్కసారిగా పోలేదు. సుమారు ఏడాదిగా, యంత్రం హోరు ఇంటికి కూడా వెంట వస్తున్నట్లు మొదలై, మాటలు అంచులు అరిగిపోయి, ఇప్పుడు మనిషి గొంతు గోడ అవతల నుంచి వచ్చినట్లు ఉంటోంది. పాలు పొంగే చప్పుడు వినపడదు. తలుపు కొట్టినా తెలియదు. హెడ్‌ఫోన్‌లో బొంగరం మాట నాకు ఎన్నో వారాలుగా వినపడటం లేదు. నేను ఆమె పెదవులు చూసి మాట్లాడుతున్నాను. గుడ్డ కట్టుకున్న రోజు ఆ దారి కూడా మూసుకుపోయింది. అంతే జరిగినది.

విచిత్రం ఏమిటంటే డప్పు మాత్రం వినపడుతుంది. చెప్పులు విప్పి గచ్చు మీద పాదాలు ఆనిస్తే పాట కింది నుంచి పైకి ఎక్కి వస్తుంది. వారం మొత్తంలో ఆ ఒక్క గంట నేను చెవిటివాడిని కాను. ఈ విషయం చెప్తే ఆ గంట ఇంకొకరికి ఇచ్చేస్తారు. చెవులు లేనివాడి చేత రేడియో ఎవరు నడిపిస్తారు? అందుకే ఆ దోషం లేని వాక్యం చెప్పాను.

ఫోన్ సంగతి కూడా నీకు అర్థమయ్యే ఉంటుంది. లైను బాగోలేదన్నాను, తరువాత "ఉత్తరంలో ఉన్న గౌరవం ఫోన్‌లో లేదు" అన్నాను. నువ్వు మురిసిపోయి, ఈ వయసులో ప్రేమలేఖలా అని రాశావు. నీ గొంతు నాకు ఫోన్‌లో అందడం లేదు, టీచరమ్మా. నువ్వు ఎక్కడ ఆగితే అక్కడ "ఊఁ" అంటున్నాను. అబ్బాయి ఆగిన చోట "మంచిది, సంతోషం" అన్నాను. వాడు ఏమి అడిగాడో నీ ఉత్తరంలో చదివాకనే నాకు తెలిసింది.

నిన్న బొంగరం మా ప్రెస్సుకు వచ్చింది. హడావుడిలో స్టూడియోలో మరిచిన నా గొడుగు తెచ్చింది. యంత్రం నడుస్తోంది. గొడుగు గోడకు ఆనించి, వంగి చెప్పు సరిచేసుకుంటూ ఏదో అంది. ముఖం కనపడలేదు. అలవాటు చొప్పున "అంతేనమ్మా, సంతోషం" అన్నాను. ఆమె లేచి నన్ను చూసిన చూపు ఎలాంటిదో రాయడానికి రాత్రిబడి చదువు చాలదు. చెప్పు పూర్తిగా తొడుక్కోకుండానే వెళ్ళిపోయింది.

ఈ సాయంత్రం గడ్డం గీయించుకోవడానికి వెళ్తే మంగలి కత్తి పక్కన పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఎంత మాటన్నరు మాస్టారూ! ఆ పిల్ల నా దగ్గర ఏడ్చింది. 'అయితే నా తప్పేనంటారా మాస్టారూ' అని అడిగితే 'అంతేనమ్మా, సంతోషం' అన్నరట. తప్పంటే తప్పనండి. మధ్యలో ఆ సంతోషమేంది?"

అతని పెదవుల మీద ప్రతి అక్షరం చదివాను. ఒక్కటీ జారిపోలేదు. సబ్బు ఆరని ముఖంతోనే ఇంటికి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చెవి డాక్టరు దగ్గరకు వెళ్తాను. మాట ఇస్తున్నాను. మిషన్ పెట్టుకోమంటే పెట్టుకుంటాను, జనం చూస్తే చూడనీ. కానీ ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. నోటితో చెప్పబోతే నేను మళ్ళీ ఏదో దోషం లేని వాక్యం తయారుచేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకని ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేయడం లేదు. రేపు పొద్దున బొంగరం ఇంటికి వెళ్ళి, అంటించకుండా ఆమె చేతికే ఇస్తాను. చదవమంటాను. చదివాక అధ్యక్షురాలికి చూపించమంటాను. అటుపైన కవరు అంటించి, నీ చిరునామా తన చేత్తోనే రాసి పోస్టు చేయమంటాను. చిరునామా వేరే చీటీ మీద రాసి పెట్టాను. డాన్సు సంగతి ఉన్న పంక్తులు కొట్టేద్దామనుకున్నాను. ఉంచేశాను.

కాబట్టి ఆ కవరు పారేయకుండా ఒకసారి తిప్పి చూడు. దాని మీద అక్షరాలు గుండ్రంగా, ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతున్నట్లు ఉంటే అవి ఆమెవి. నిటారుగా, బిగుసుకుని ఉంటే నావి. అలా ఉంటే నీ భర్త వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడని తెలుసుకో. వెంటనే బయలుదేరి రా. ఎర్ర పెన్ను తీసుకురా.

ఇట్లు,
నీ ఎదుట నిలబడితే నీ ప్రతి మాటా వినగలిగే
నీ ఆయన

మరిచాను. నువ్వు చదివాక ఇది అబ్బాయి చదవాలి. నువ్వు చదివి వినిపించవద్దు, వాడి చేతికి ఇచ్చి నువ్వు పక్క గదిలోకి వెళ్ళు. ఫోన్‌లో నన్ను అడిగినది మొదటి నుంచి మళ్ళీ అడగమను, ఈసారి కాగితం మీద. ఫొటో స్టూడియో ఎందుకో, కాలేజీ ఎందుకు వద్దో, ఎంత పొడుగు వాక్యాలైనా సరే. పూర్తిగా చదివిన తరువాత మంచిదంటానో, కాదంటానో నాకు ఇంకా తెలియదు. ఏదన్నా అది వాడికి చెప్పిన జవాబే అవుతుంది.