నిద్రపోయిన తెల్లసొన

కిష్వార్ పట్టణ ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,
పాత సంత వీధి వాస్తవ్యుడు ఫౌస్తో తోవాపాంతా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బేకరీ తెల్లసొన పరీక్షా ఫలితమును మా అమ్మకు చదివి వినిపించుట గురించి.

మా చెల్లెలు యాదిరా ప్రాణం తీసింది దొన్ అబెలార్దో బేకరీలో పొయ్యి పక్కన రాత్రంతా వెచ్చగా ఉంచిన తెల్లసొన బకెట్టు. ఆ బేకరీ గుమ్మానికి 'పరిశుభ్రం' అని ముద్ర వేసినది తమరి కార్యాలయం. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తమ గుమాస్తా గారు ఏ అర్జీ అయినా మొదటి పేరా దాటి చదవరని సంతలో అందరూ అంటారు.

1. శనివారం నాడు మా ఊళ్ళో గుడ్డు రొట్టెలు కాలుస్తారు. పచ్చసొన అంతా రొట్టెలోకి పోతుంది, తెల్లసొన బకెట్టులో మిగులుతుంది. ఆదివారం పొద్దున్నే ఎస్పుమియా నురుగు మిఠాయి అమ్మే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వెనక గుమ్మం దగ్గర నిలబడతారు. గుడ్లు కొని పచ్చసొన పారబోసుకునే స్తోమత వారికి లేదు. పైగా ఒక నమ్మకం ఉన్నది: ఒక రాత్రి నిద్రపోయిన సొన బాగా పొంగుతుందని. పొంగే మాట నిజమే. కానీ అందులోని క్రిమి నిద్రపోదు, వెచ్చదనం దొరికితే పిల్లలు పెడుతుంది. జామ గుజ్జూ చక్కెరా వేసి ఎంత గిలక్కొట్టినా, ఆ నురుగు కరగకుండా కోను మీద ఎంత ముచ్చటగా నిలబడినా, అది పచ్చి గుడ్డే. పొయ్యి మొహం చూడని తిండి. ఈ సంగతి తమ కార్యాలయం బల్ల మీద దుమ్ముకొట్టుకుపోయిన కరపత్రంలోనే ఉన్నది. నేను చదివినది అక్కడే. తమ సిబ్బంది చదివిన దాఖలా లేదు.

2. చర్చి మెట్ల దగ్గర బేరం మొదలుపెట్టే ముందు తొలి చెంచా సొంత బిడ్డకు పెట్టడం మా వాళ్ళ ఆచారం. నలుగురూ చూస్తుండగా పెట్టాలి. "చూడండమ్మా, నా కడుపున పుట్టినదానికి పెట్టిందే మీకూ పెడుతున్నా!" అని మా అమ్మ రొసాల్వినా కేక. ఆ ఆదివారం యాదిరా చెంచా నాకేసి, మూతి మీద గులాబీరంగు మీసంతో, "అమ్మా, ఇంకోటి పెట్టు! వీళ్ళింకా నమ్మట్లేదు చూడు" అంది. జనం నవ్వారు. అమ్మ ఇంకోటి పెట్టింది.

దానికి ఐదేళ్ళు. జ్వరం, విరేచనాలు. పట్నం ఆసుపత్రికి చేర్చేసరికి ఒంట్లో నీళ్ళు లేవు. సాల్మొనెల్లా అన్నారు డాక్టరు గారు. ఇంతకు మించి వ్రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

3. పిల్ల దేహం ఇంకా ఇంట్లో ఉండగానే తమ మనుషులు వచ్చి అమ్మ రాగి గిన్నె పట్టుకుపోయారు. మా తలుపు మీద 'ప్రజారోగ్యమునకు ముప్పు' అని కాగితం అంటించారు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ముందు ఆ కాగితం చదివి, తర్వాత లోపలికి వచ్చారు. కొందరు చదివి అటే వెళ్ళిపోయారు.

4. దొన్ అబెలార్దోని నేను అడగకపోలేదు.

"ఏరా, సొన ఇచ్చాను గానీ పచ్చిగా తినమన్నానా? నా కొట్లోదంతా పొయ్యిలోకి పోయేదే" అన్నాడు.

"వాళ్ళు దాంతో ఏం చేస్తారో మీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు? నా కూతురికి మాత్రం కొనిపెట్టను."

ఈ మాటను దయచేసి దస్త్రంలో చేర్చవలెను.

5. అదే బకెట్టు సొన తెచ్చుకున్నవాళ్ళ దగ్గర తిన్న పిల్లలే జబ్బుపడ్డారు. తన కోళ్ళ గుడ్లు అప్పటికప్పుడు కొట్టుకున్న మా తర్హేలియా పిన్ని దగ్గర తిన్నవాళ్ళకు ఏమీ కాలేదు.

"ఒరే కరపత్రాల పంతులూ, నేను నిమ్మకాయ పిండానురా. నిమ్మకాయకి చావని పురుగుంటుందా?" అంటుంది పిన్ని.

"నిమ్మకాయకి చావదు పిన్నీ. తాజా గుడ్డులోనూ ఉండొచ్చు. నీకు కోళ్ళు కలిసొచ్చాయి, అంతే. మరిగే పాకం పోసి గిలక్కొట్టాలి."

"అప్పుడది ఎస్పుమియా కాదు, గోడకి కొట్టే సున్నం!" అని తిట్టింది. మర్నాడు పాకం మరిగించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దంది.

6. తమరు బేకరీ బకెట్టులోంచి పరీక్షకు పంపిన సొన ఫలితం కోసం తమ కార్యాలయానికి వెళితే గుమాస్తా గారు, "వచ్చింది. చూడాలంటే బాధితురాలి సంతకం కావాలి" అన్నారు.

"చనిపోయిందండీ."

"అయితే సంతకం లేదని రాసివ్వు."

ఇదిగో, వ్రాసి ఇస్తున్నాను. సంతకం లేదు. దానికి ఇంకా అక్షరాలు రాలేదు.

అయ్యా, మా అమ్మ ఇప్పుడు ఒక్క మాటే మాట్లాడుతుంది: "నా చేత్తోనే పెట్టానురా. రెండోది కూడా పెట్టాను." కరపత్రం చదివి వినిపిస్తే, "నువ్వు నా కొడుకువి, అలాగే అంటావులే" అంటుంది. తలుపు మీది కాగితం సర్కారుది గనుక దాన్నే నమ్ముతుంది. ఆ రోజు సొన వాసన చూసే తెచ్చింది. ఏ వాసనా రాలేదు. అది వాసన వేసే విషం కాదని ఆమెకు చెప్పవలసినవారు ఎవరు?

గిన్నె తిరిగి ఇమ్మని అడగడం లేదు. అమ్మ దాన్ని మళ్ళీ ముట్టదు. బేకరీ తెల్లసొన మంచులో ఉంచితేనే అమ్మనివ్వండి, మరిగే పాకం పోసే పద్ధతి ఆడవాళ్ళకు నేర్పించండి, మా తలుపు మీది కాగితం పీకించండి. అన్నిటికంటే ముందు ఆ ఫలితంలో ఏమున్నదో, ఏమున్నా సరే, తమ నోటితో మా అమ్మకు చదివి వినిపించండి.

తమరు ఇది చిత్తగించి, చిత్తమున ఉంచుకొనవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు (బుధవారం సాయంత్రం వరకు),
ఫౌస్తో తోవాపాంతా

తా.క.: ఈ అర్జీ నకలు సంత గేటుకు అంటించాను. కావున కింది నాలుగు ముక్కలు అధికారి గారికి కాదు, గేటు దగ్గర నిలబడి చదువుతున్న మీకు. పిల్లలు జబ్బుపడిన తల్లులారా, ఎస్పుమియా అమ్మే అక్కల్లారా, గురువారం ఉదయం పది గంటలకు ఆరోగ్య కార్యాలయం మెట్ల దగ్గరికి రండి. మా అమ్మను నేను చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను. నినాదాలు వద్దు, ఎవరూ గట్టిగా మాట్లాడొద్దు. ఆయన చదివేది ఆమెకు వినపడాలి.