నలభై ప్రశ్నల కాగితం

ఏలూరు, జూన్ 1936, శుక్రవారం

మద్రాసు నుంచి తెప్పించిన నలభై ప్రశ్నల స్వభావ పరీక్ష ఫలితం ఈ రోజు కాన్వెంటు సిస్టరు గారు చదివి వినిపించారు. నేను ధైర్యస్థురాలినట, పదిమందిలో చొరవగా మాట్లాడతానట. సోమవారం నుంచి గుండుగొలను బళ్లో పంతులమ్మను.

అమ్మకు నవ్వాగలేదు. "నువ్వా? పాలవాడొస్తే తలుపు చాటుకి పోతావు కదే!"

నిజమే. "కొత్తవారితో మాట్లాడటానికి జంకుతారా?" అన్న చోట లేదని రాసింది నేనే. ఉద్యోగం రాదేమోనన్న భయంతో, ఎవరికీ జంకని మా అక్క అయితే ఏం రాస్తుందో ప్రతి ప్రశ్నకూ అదే రాశాను. నా బతుకును నేను తిప్పుకున్నానో, ఆ కాగితం తిప్పిందో తెలియడం లేదు.

సాయంత్రం నిజం చెప్పేద్దామని కాన్వెంటుకు వెళ్లాను. సిస్టరు గారు తలెత్తి, "ఏమ్మా, ఏమైనా చెప్పాలా?" అన్నారు. "ఏం లేదండీ" అని వచ్చేశాను.

సోమవారం హాజరుపట్టీలో పేర్లన్నీ పైకి పిలవాలి. ఇందాక ఒక్క పేరు గట్టిగా పిలిచి చూశాను. పక్క గదిలోంచి అమ్మ, "ఎవరొచ్చారే?" అని అడిగింది.